రేంజర్ వచ్చాడు... అడవి మాయం!

‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో కొత్తవాళ్లు చూడగానే మనసు పారేసుకునే పాత్ర రేంజర్. దాదాపు యాభై ఏళ్లుగా ఆట నిర్మాతలు మార్చి మార్చి రాస్తున్న పాత్ర కూడా అదే.

‘స్ట్రేంజర్ థింగ్స్’ చూసినవాళ్లకు అందులోని పిల్లలు బల్ల చుట్టూ చేరి పాచికలు వేసే ఆట గుర్తుండే ఉంటుంది. రెండో సీజన్‌లో మైక్ తమ జట్టులో ఎవరు ఏమిటో మ్యాక్స్‌కు చెబుతాడు. తను పాలడిన్, విల్ క్లెరిక్, డస్టిన్ బార్డ్. ఉండేలు, బైనాక్యులర్లు పట్టుకు తిరిగే లూకస్ రేంజర్. అదే ఆట పేరుతో 2023లో వచ్చిన ‘హానర్ అమాంగ్ థీవ్స్’ సినిమా ముఠాలో బార్డ్ ఉన్నాడు, బార్బేరియన్ ఉంది, సోర్సరర్, డ్రూయిడ్ ఉన్నారు, మధ్యలో ఓ పాలడిన్ కూడా వచ్చి వెళతాడు. రేంజర్ జాడ మాత్రం లేదు. లేడని చాలామంది గమనించి కూడా ఉండరు. ఆట బల్ల దగ్గరా ఈ పాత్రది ఇంచుమించు ఇదే పరిస్థితి.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని తెచ్చారు. ఒకరు డంజియన్ మాస్టర్‌గా కథ నడుపుతారు, మిగతావారు తలా ఒక పాత్ర అవుతారు. ‘గోడ దూకుతాను’ అని ఆటగాడు అంటే, దూకగలిగాడో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పాత్రకు ఏయే విద్యలు వచ్చో దాని ‘క్లాస్’ నిర్ణయిస్తుంది, ఆడేకొద్దీ అది ఎక్కే మెట్లు ‘లెవెల్’లు. దారి చూపేవాడు, జాడ పట్టేవాడు, గురి తప్పని విలుకాడు... వీళ్లంతా కలిస్తే రేంజర్.

ఈ క్లాస్‌ను మొదట రాసింది జో ఫిషర్. 1975లో ‘ది స్ట్రాటజిక్ రివ్యూ’ రెండో సంచికలో వచ్చింది. మూలపురుషుడెవరో దాచినా దాగదు: టోల్కీన్ సృష్టించిన ఆరగోర్న్. 1978 నాటి నియమాల పుస్తకం చూడండి. రేంజర్ తానూ తన గుర్రమూ మోయగలిగినంత ఆస్తే ఉంచుకోవాలి. ముగ్గురికి మించి రేంజర్లు ఒకచోట కలిసి పనిచేయకూడదు. ఓర్కులు, రాక్షసకాయుల మీద కొట్టే ప్రతి దెబ్బకూ లెవెల్‌కు ఒకటి చొప్పున బలం పెరుగుతుంది. పదో లెవెల్‌కు వచ్చాడంటే దూరదృశ్యాలు చూపే స్ఫటిక గోళాల్లాంటివి వాడగలడు. ఆటలో అది ఎందుకని అడగక్కర్లేదు, నవలలో ఆరగోర్న్ అలాంటి గోళమే అయిన పలంటీర్‌లోకి చూశాడు కనుక! నియమాలు వింతగా ఉన్నా మనిషి కళ్లకు కడుతున్నాడు. బలహీనుడనే మాట ఆరోజుల్లో ఎవరూ అనలేదు.

ఆ మాట గట్టిగా వినిపించింది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌తో. అందులో రేంజర్ తనకు అలవాటైన నేల ఒకటి ఎంచుకుంటాడు: అడవో, కొండో, ఎడారో, చిత్తడో. ఆ నేల మీద గంట లేదా అంతకు మించి ప్రయాణిస్తే అతని జట్టు మంత్రం వల్ల తప్ప దారి తప్పదు. ముళ్లూ రాళ్లూ నడకను ఆలస్యం చేయవు. వెతికితే తిండి రెట్టింపు దొరుకుతుంది. చాలామంది చేసే ఫిర్యాదు, అడవి ఎంచుకున్న రేంజర్‌ను కథ నగరంలోకి తీసుకెళితే ఈతగాణ్ని మెట్టచేలో నిలబెట్టినట్టవుతుందని. నిజమే కానీ, అది అసలు జబ్బు కాదు.

జబ్బు అడవిలోనే ఉంది.

డంజియన్ మాస్టర్ ఓ దట్టమైన అరణ్యాన్ని సిద్ధం చేసుకుని వచ్చాడనుకోండి. దారి తప్పితే ఏమవుతుంది, తిండి అయిపోతే ఎవరు ఎవరి మీద అరుస్తారు, ఇవే ఆ రాత్రికి కథ. జట్టులో రేంజర్ ఉన్నాడు. దారి తప్పరు, తిండికి లోటు లేదు. చాలకపోతే ఒక్కోటి ఒక్కొక్కరికి రోజంతా సరిపోయే పది పళ్లు పుట్టించే ‘గుడ్‌బెర్రీ’ మంత్రం కూడా అతనికి అందుబాటులోనిదే. ఇక మిగిలింది ఒక్క వాక్యం: ‘నాలుగు రోజులు నడిచి కొండ అవతలికి చేరారు’. అతని విద్య నూటికి నూరుపాళ్లు పనిచేసింది. పనిచేసింది కనుకే ఎవరికీ కనిపించలేదు. పక్కనున్న మాంత్రికుడు ఫైర్‌బాల్ విసిరితే ఎనిమిది పాచికలు గలగలలాడతాయి, బల్ల చుట్టూ ఉన్నవాళ్లు లేచి నిలబడతారు. దొంగ తాళం తీస్తుంటే పాచిక ఆగేదాకా ఊపిరి బిగబడతారు. రేంజర్ గొప్పతనానికి మాత్రం పాచికతోనే పనిలేదు!

యుద్ధంలో గొడవ వేరు. ‘హంటర్స్ మార్క్’ అని అతనికో మంత్రం ఉంది. గుర్తు పెట్టిన శత్రువు మీద ప్రతి దెబ్బకూ ఆరు ముఖాల పాచిక ఒకటి అదనం. మంచిదే, కానీ అది నిలవాలంటే ఏకాగ్రత కావాలి. ఏకాగ్రత అడిగే మంత్రాలు రెండు ఒకేసారి నడవవు. శత్రువు కాళ్లకు తీగలు చుట్టేదీ, నేలంతా ముళ్లు మొలిపించేదీ కూడా అదే కోవ. ఒకటి పట్టుకుంటే రెండోది జారిపోతుంది. పెంపుడు జంతువుతో తిరిగే ‘బీస్ట్ మాస్టర్’ గతి మరీ దారుణం. 2014 నియమాల్లో తోడేలు కరవాలంటే, మొదట్లో యజమాని తన దాడి మానుకోవాల్సిందే. ఆ తోడేలును ఎందుకు పెంచుతున్నట్టు?

మరమ్మతులకు లోటు లేదు. 2017లో చీకట్లో కనపడకుండా మీదపడే ‘గ్లూమ్ స్టాకర్’ వచ్చాక రేంజర్‌ను చిన్నచూపు చూసేవాళ్లు తగ్గారు. 2020లో తోడేలు సమస్య తీరింది. 2024 పుస్తకం అలవాటైన నేల అనే అంశాన్నే ఎత్తేసి, హంటర్స్ మార్క్‌ను రోజుకు కొన్నిసార్లు ఉచితంగా ఇచ్చి, క్లాస్ మొత్తాన్నీ దాని చుట్టూ అల్లింది. చిట్టచివరి ఇరవయ్యో లెవెల్‌లో దక్కే బహుమానం ఏమిటంటే, ఆ ఆరు ముఖాల పాచిక పది ముఖాలదవుతుంది. సగటున దెబ్బకు రెండు పాయింట్లు ఎక్కువ. మాంత్రికుడు పదిహేడో లెవెల్‌లోనే ‘విష్’ మంత్రంతో కోరిన కోరిక తీర్చుకుంటాడు. ఇది బహుమానమని ఎలా రాయగలిగారో!

అయినా రేంజర్‌ను వదులుకోమని చెప్పను. ‘పాస్ వితౌట్ ట్రేస్’ ఒక్కటి చాలు. నక్కి నడిచే ప్రతివారి పాచికకూ పది కలుస్తుంది. నిలువెల్లా ఇనుప కవచంతో గలగలమనే పాలడిన్ సైతం కాపలావాళ్ల పక్కనుంచి జారుకోగలడు. ఈ బలం జట్టుకు కొత్త సాహసాన్ని తెరుస్తుంది. అదీ తేడా. దారి తప్పనివ్వని విద్య కథను మూసేస్తే, నక్కి పోనిచ్చే విద్య దాన్ని మొదలుపెడుతుంది.

ఆ లెక్కన 2014 నియమాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ ‘అలవాటైన నేల’ తాలూకు చివరి అంశం. అలవాటైన నేల మీద జాడ పడితే, వెళ్లినవాళ్లు సరిగ్గా ఎంతమంది, ఏ పరిమాణంలో ఉన్నారు, ఎంతసేపటి క్రితం వెళ్లారు అన్నీ తెలుస్తాయి. ఆరుగురు ఓర్కులు, వాళ్ల మధ్య పిల్లల పాదమంత జాడ ఒకటి, వెళ్లి రెండు గంటలైంది. వెంటపడాలా, చీకటి పడేదాకా ఆగాలా? బల్ల చుట్టూ అందరూ రేంజర్ వైపే చూస్తారు. 2024 పుస్తకంలో ఇది లేదు. కొత్త నియమాలతో ఆడేవాళ్లు దీన్ని పాత పుస్తకం నుంచి అరువు తెచ్చుకోవచ్చు. డంజియన్ మాస్టర్ సరేనంటే చాలు.