తరగతిలో నియమములు – అందరికి అర్థమగు రీతి

గణితపు గంట ఆరంభమయినది. ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు తిరిగి వ్రాయుచునే, "పదునాలుగవ లెక్క తీయండి" అనెను. నలువదిమంది పుస్తకములు తెరచిరి. మూడవ బెంచీలోని బాలుడు మాత్రము కదలక కూర్చుండెను. "ఎన్నిసార్లు చెప్పవలెనురా?" అని గద్దించి ఉపాధ్యాయుడు అతనిని నిలుచుండబెట్టెను. ఆ బాలునికి వినికిడి తక్కువ. మాటాడువారి పెదవులు కనబడినగాని అతనికి మాట తెలియదు. అతడు ఆజ్ఞను ధిక్కరింపలేదు. ఆజ్ఞ అతనిని చేరనే లేదు.

ఇట్టి పొరపాటు చిన్నదిగా తోచవచ్చును. కాని దినదినము దోషిగా నిలుచున్న బాలుడు, తాను మొండివాడనని తానే నమ్మవచ్చును. కొంతకాలమునకు బడికి వచ్చుటయే మానవచ్చును.

భారతదేశములో 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను పేర్కొని, అట్టి పిల్లలు తక్కిన పిల్లలతో కలిసి చదువుకొనుటకు విద్యాలయములు వీలు కల్పింపవలెనని చెప్పుచున్నది. దీనినే సమ్మిళిత విద్య అందురు. బెత్తమునకు, తొడపాశమునకు, గోడకుర్చీకి ఇట్టి తరగతిలో చోటు లేదు. మరి క్రమశిక్షణ ఎట్లు నిలుచును?

మొదటి సాధనము స్పష్టమైన నియమము. "అల్లరి చేయకూడదు" అనునది స్పష్టమైన నియమము కాదు. అల్లరి యనగా ఏమో ఉపాధ్యాయునికి ఒక విధముగాను, విద్యార్థికి మరియొక విధముగాను తోచును. "మాటాడదలచినవారు చేయి ఎత్తవలెను", "గంట కొట్టునప్పటికి పుస్తకము బల్లపై నుండవలెను" అనునవి స్పష్టమైనవి. ఏమి చేయరాదో గాక, ఏమి చేయవలెనో అవి తెలుపును. చేసినదియు లేనిదియు కంటికి కనబడును. ఇట్టి నియమములు మూడు నుండి అయిదు వరకు చాలును. ఎక్కువైనచో జ్ఞాపకముండవు.

అయితే నియమములు గోడకు అంటించినంతనే పని ముగియునా? ఈ ప్రశ్నను అమెరికాలో చార్ల్స్ మాడ్సెన్, వెస్లీ బెకర్, డాన్ థామస్ అనువారు పరీక్షించి, ఫలితములను 1968లో ప్రకటించిరి. రెండు ప్రాథమిక తరగతులలో ముగ్గురు పిల్లల నడవడికను పరిశీలకులు లెక్కించి నమోదు చేసిరి. నియమములు మాత్రమే చెప్పిన దశలో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. చిన్న చిన్న అల్లరిని పట్టించుకొనక, మంచి నడవడికను మెచ్చుకొనిన దశలో ప్రవర్తన బాగుగా మెరుగుపడినది. ఈ ప్రయోగము ముగ్గురు పిల్లలపై జరిగినదే యైనను, అది చూపిన దారి గమనింపదగినది.

ఇందుకు కారణమేమి? ఏ పనికి వెంటనే సంతృప్తికరమైన ఫలితము లభించునో, ఆ పని మరల జరుగుటకు అవకాశము హెచ్చు. పిల్లలకు పెద్దల దృష్టి గొప్ప ఫలము. అల్లరి చేసినపుడే ఉపాధ్యాయుడు తనవైపు చూచినచో, తిట్టు సైతము కొందరికి బహుమానమే యగును. కావున నెమ్మదిగా చేయి ఎత్తిన క్షణముననే, "చేయి ఎత్తి అడిగినావు, మంచిది" అనవలెను. ఏ పనికి మెప్పు లభించినదో ఆ మాటలోనే తెలియవలెను. ఇతరులకు దెబ్బ తగులు పనులను మాత్రము ఉపేక్షింపరాదు. వానిని తత్‌క్షణమే ఆపవలెను.

సమ్మిళిత తరగతిలో ఇంకొక మెట్టు కలదు. నియమము ప్రతి బాలునికిని చేరినదా యని చూడవలెను. వినికిడి తక్కువైనవాని కొరకు ఉపాధ్యాయుడు తరగతివైపు తిరిగి చెప్పి, బల్లపై వ్రాయవలెను. చూపు తక్కువైనవాని కొరకు వ్రాసినదానిని చదివి వినిపింపవలెను. నెమ్మదిగా గ్రహించు బాలికకు ఒక్కొక్క పనిని విడదీసి, చేసి చూపి, అభ్యాసము చేయింపవలెను. ఆటిజం గల పిల్లలలో పలువురికి ఆకస్మికమైన మార్పు కలత కలిగించును. దినచర్యను బొమ్మలతో చూపి, మార్పును ముందుగా తెలుపుట మేలు. ఎక్కువసేపు కుదురుగా కూర్చుండలేని బాలునికి పనిని చిన్న భాగములుగా ఇచ్చి, నడుమ నోటుపుస్తకములు పంచు పని అప్పగింపవచ్చును.

"వానికొక నీతి, నాకొక నీతియా?" అని తక్కిన విద్యార్థులు అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. కళ్లజోడు పెట్టుకొనిన విద్యార్థిని చూచి, "వానికి ఎక్కువ ఇచ్చినారు" అని ఎవరును అనరు. చదువవలసిన పాఠము ఇద్దరికిని ఒక్కటే. అట్లే నియమము అందరికిని ఒక్కటే. దానిని చేరు దారి వేరు.

మూడవ బెంచీలోని బాలుని కొరకు కావలసినది చాల స్వల్పము. ఉపాధ్యాయుడు సుద్దముక్క దించి, తరగతివైపు తిరిగి, లెక్క సంఖ్యను వ్రేలితో చూపినచో చాలును. నలువదియొకటవ పుస్తకము కూడ తెరచుకొనును.