పునాది కదలకుండా... కొత్త సరుకు!

విండోస్‌ 10కి మైక్రోసాఫ్ట్‌ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చాలా పాత కంప్యూటర్లలో విండోస్‌ 11 ఎక్కదు. అలాగని బాగా పనిచేస్తున్నదాన్ని అటకెక్కించాలా? అక్కర్లేదు, ఉచితంగా దొరికే లినక్స్‌ ఉందిగా! హైదరాబాద్‌కి చెందిన ‘స్వేచ్ఛ’ సంస్థ డెబియన్‌ లినక్స్‌ ఆధారంగా తెలుగులోనే ఆపరేటింగ్‌ సిస్టమ్‌ని రూపొందించింది కూడా.

ఇయాన్‌ మర్డాక్‌ 1993లో మొదలుపెట్టిన డెబియన్‌కి నిలకడే పెట్టని కోట. దాదాపు రెండేళ్లకో ‘స్టేబుల్‌’ వెర్షన్‌ వస్తుంది. 2025 ఆగస్టులో వెర్షన్‌ 13 వచ్చింది. ఒకసారి విడుదలయ్యాక అందులోని అప్లికేషన్లను చాలావరకూ మార్చరు. లోపాలు సరిచేస్తారు, భద్రతాపరమైన మార్పులు పంపుతారు. అందుకే మొరాయించదు. మరి లిబ్రేఆఫీస్‌లో కొత్తగా వచ్చిన సదుపాయం ఇప్పుడే కావాలంటే?

కలిపితే కష్టమే!

తొందరపడి ఇంకా పరీక్షల్లో ఉన్న ‘టెస్టింగ్‌’, ‘సిడ్‌’ల నుంచి తెచ్చి కలిపేస్తుంటారు కొందరు. ‘టాయ్‌ స్టోరీ’ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడి పేరే సిడ్‌! ఒక్క అప్లికేషన్‌ కోసం కొత్త లైబ్రరీలొస్తాయి, వాటి వెనకే మరికొన్ని. చివరికి అటు పాతదీ ఇటు కొత్తదీ కాని సిస్టమ్‌ మిగులుతుంది. దీనికి డెబియన్‌ వాళ్లు పెట్టిన పేరు ‘ఫ్రాంకెన్‌డెబియన్‌’.

మూడు దారులు

మొదటిది ‘బ్యాక్‌పోర్ట్స్‌’. కొత్త వెర్షన్లలో కొన్నింటిని స్టేబుల్‌కి సరిపడేలా మళ్లీ తయారుచేసి ఇస్తారు. ఏది అడిగితే అదే వస్తుంది.

రెండోది ‘ఫ్లాట్‌ప్యాక్‌’. గడ్డిఅన్నారం నుంచి తరలిన బాటసింగారం పండ్ల మార్కెట్‌ సంగతే తీసుకోండి. పండ్లతోపాటే కాగితమో గడ్డో సర్దేసిన పెట్టెకి పక్క పెట్టెతో పనిలేదు. ఇదీ అంతే. అప్లికేషన్‌ తనకు కావలసిన లైబ్రరీలను విడిగా తెచ్చుకుంటుంది, సిస్టమ్‌వి ముట్టుకోదు. కాకపోతే డిస్క్‌లో చోటు ఎక్కువ పడుతుంది. ‘ఫ్లాట్‌హబ్‌’లో అసలు తయారీదారులదేనని ధ్రువీకరించే గుర్తు ఉందో లేదో చూసుకోవాలి.

మూడోది ‘యాప్‌ఇమేజ్‌’. ఒకటే ఫైలు. దించుకుని, నడిచేందుకు అనుమతిస్తే చాలు. వద్దనుకుంటే తీసేయొచ్చు. కొత్త వెర్షన్‌ వచ్చిందేమో చాలాసార్లు మనమే చూసుకోవాలి.

అన్నీ కొత్తవే కావాలనుకోవద్దు. నిజంగా అవసరమైన ఒకటి రెండింటికే ఈ దారులు. ఏ మార్పు చేసే ముందైనా పిల్లల ఫొటోలు, ముఖ్యమైన కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం మాత్రం మర్చిపోవద్దు!