ఐరన్‌మ్యాన్ వర్గమా? బ్యాట్‌మ్యాన్ వర్గమా?

మార్వెల్ గొప్పా, డి.సి. గొప్పా? ఇద్దరు కుర్రాళ్ళ మధ్య ఈ ప్రశ్న వేసి చూడండి. ఇంటర్వెల్ అయిపోయి బొమ్మ మళ్ళీ మొదలైనా తగువు తీరదు. “మావాళ్ళు పదకొండేళ్ళ పాటు 22 చిత్రాల్ని ఒకే కథగా గుచ్చారు. మీవాళ్ళ వల్ల అవుతుందా?” అంటాడు మార్వెల్ వీరాభిమాని. “జోకులూ, రంగులూ తప్ప మీ దగ్గరేముంది? ‘డార్క్ నైట్’ లాంటిది ఒక్కటి తియ్యమను, చూద్దాం” అంటాడు డి.సి. వాడు.

నిజానికి ఇద్దరి దగ్గరా సరుకుంది. 2008లో రెండు నెలల తేడాతో వచ్చాయి ‘ఐరన్‌మ్యాన్’, ‘ది డార్క్ నైట్’. మొదటిదాంతో ఆరంభమైన వరస 2019లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ దాకా సాగింది. ఆ ఒక్క చిత్రమే ప్రపంచమంతటా దాదాపు 280 కోట్ల డాలర్లు రాబట్టింది. (అన్నట్టు, దాని తెలుగు డబ్బింగులో థానోస్‌కి గొంతు అరువిచ్చింది మన రానా!) రెండోదాన్లో జోకర్ వేషం కట్టిన హీత్ లెడ్జర్‌కి మరణానంతరం ఆస్కార్ వచ్చింది. ఒకడు కలెక్షన్లు చూపిస్తే ఇంకొకడు అవార్డు చూపిస్తాడు. ఇక తేలేదెప్పుడు?

వీరాభిమానుల తీర్పులో నాకు నచ్చనిదొకటుంది. బొమ్మ చూడకముందే తీర్పు చెప్పేస్తారు. 1989 నాటి ‘బ్యాట్‌మ్యాన్’కి మైకేల్ కీటన్‌ని తీసుకున్నారని తెలియగానే, వద్దు మొర్రో అంటూ వార్నర్ బ్రదర్స్‌కి వేలకి వేలు ఉత్తరాలు వచ్చిపడ్డాయి. చిత్రం విడుదలయ్యాక అదే కీటన్‌కి జేజేలు! లెడ్జర్‌ని జోకర్‌గా ప్రకటించినప్పుడూ ఇదే గొడవ.

మనకిది కొత్తేం కాదు లెండి. 1977 సంక్రాంతికి ఒకే రోజున ఎన్టీఆర్ ‘దానవీరశూరకర్ణ’, కృష్ణ ‘కురుక్షేత్రం’ విడుదలయ్యాయి. రెండూ మహాభారతమే. భారతం ఒకటే కదా అని అభిమానులు ఊరుకున్నారా?

ఇహ ‘జస్టిస్ లీగ్’ సంగతి. డి.సి. పక్షాన ఆ చిత్రం తీస్తున్న జాక్ స్నైడర్ 2017లో కూతురి ఆత్మహత్యతో కుంగిపోయి మధ్యలో తప్పుకున్నాడు. మిగతా పని ఎవరికి అప్పగించారనుకున్నారు? ‘అవెంజర్స్’ తీసిన జాస్ వెడన్‌కి! అంటే డి.సి. బొమ్మను పూర్తి చేసింది మార్వెల్‌కి కనకవర్షం కురిపించిన మనిషే. అప్పటికి సూపర్‌మ్యాన్ వేషధారి హెన్రీ కావిల్ ఇంకో చిత్రం కోసం మీసం పెంచి ఉన్నాడు. అది తియ్యడానికి వీల్లేదు. చివరికి కంప్యూటర్‌తో చెరిపారు. ఆ పై పెదవి చూసి జనం నవ్వని రోజు లేదు. రెండు గంటల ఆ చిత్రం చప్పగా చల్లారింది.

అభిమానులు ఊరుకోలేదు. స్నైడర్ తీసిందే మాకు కావాలని ఏళ్ళ తరబడి పోరాడారు. ఆయన కూతురి జ్ఞాపకార్థం, ఆత్మహత్యల్ని నివారించే సంస్థకి 5 లక్షల డాలర్లకు పైగా పోగు చేశారు. అదే వర్గంలో కొందరు, నచ్చలేదన్న ప్రతివాణ్ణీ బూతులు తిట్టారు. రెండూ నిజమే. 2021 మార్చిలో నాలుగు గంటల చిత్రం వచ్చింది. అదే కథ, అదే తారాగణం, అదే బ్యానర్. కాని మొదటిదాన్లో మూలన నిలబడ్డ సైబోర్గ్ ఇందులో కథకి ప్రాణం. మొదటిదాన్లో బతికి బట్టకట్టిన అతని తండ్రి ఇందులో కొడుకు కళ్ళముందే బూడిదైపోతాడు. నా మటుకు నాకు రెండోదే మెరుగు. నిదానంగా నడిచే ఆ స్లో మోషన్ షాట్లలో ఓ ముప్పావుగంట కత్తిరిస్తే ఇంకా బాగుండేది!

మరి రెండింటి మీదా ఉన్నది డి.సి. ముద్రే కదా? ఇందులో బ్యానర్ గొప్పేమిటి, లోపమేమిటి?

ఇంకా చిక్కు కావాలంటే జేమ్స్ గన్‌ని చూడండి. 2014లో మార్వెల్‌కి ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ తీసింది ఈయనే. 2022లో డి.సి. స్టూడియో పగ్గాలు పట్టిన ఇద్దర్లో ఒకడూ ఈయనే. ఆ కుర్చీలో ఉండగానే 2023లో ఆయన తీసిన మూడో ‘గార్డియన్స్’ మార్వెల్ జెండా కిందే విడుదలై జనాన్ని ఏడిపించింది. అదే ఏడు డి.సి. వారి ‘ది ఫ్లాష్’, మార్వెల్ వారి ‘ది మార్వెల్స్’ రెండూ చతికిలబడ్డాయి. 2025 జులైలో గన్ ‘సూపర్‌మ్యాన్’ వచ్చిన రెండు వారాలకే మార్వెల్ ‘ఫెంటాస్టిక్ ఫోర్’ దిగింది. మళ్ళీ లెక్కలు, మళ్ళీ తిట్లు.

‘గార్డియన్స్’లో రాకెట్ అనే రకూన్ గతం చూసి కళ్ళు తుడుచుకున్న మార్వెల్ అభిమానిని నేనొకటే అడుగుతాను. అదే గన్ తీసిన ‘సూపర్‌మ్యాన్’లో క్రిప్టో అనే కుక్క అల్లరికి నువ్వు పగలబడి నవ్వావు గదా, పార్టీ ఫిరాయించినట్టేనా బాబూ?