మడ అడవుల పునరుద్ధరణ: మొక్క కన్నా ముందు నీటి దారి

గోదావరి, కృష్ణా నదీముఖాల వద్ద విస్తరించిన మడ అడవులు తుపాను గాలుల తీవ్రతను, అలల ఉధృతిని తగ్గించి తీరగ్రామాలకు అండగా నిలుస్తున్నాయి. రొయ్యలు, పీతలు, చేప పిల్లలు వీటి వేళ్ల నడుమ ఆశ్రయం పొంది పెరుగుతాయి. 2021 భారత అటవీ స్థితి నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వీటి విస్తీర్ణం 405 చదరపు కిలోమీటర్లు. కాకినాడ సమీపాన 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం వీటిలో ముఖ్యమైనది.

మడ అడవుల క్షీణతకు గ్రామస్థుల వంటచెరకు సేకరణ, పశువుల మేత మాత్రమే కారణమని భావించడం పరిపాటి. అయితే పూర్వం అడవిని కూపులుగా విభజించి చెట్లన్నిటినీ ఒకేసారి నరికిన చోట నష్టం మరింత లోతైనది. నీడ కోల్పోయిన నేల ఎండకు ఆరి, కుంగి, పళ్లెం ఆకారం దాల్చింది. పోటుతో చేరిన నీరు ఆటు సమయంలో వెనుదిరగక అక్కడే ఆవిరై, ఉప్పు పేరుకుపోయింది. అట్టి నేలలో ఎన్ని మొక్కలు నాటినా బ్రతకవు.

ఈ కారణాన్ని గుర్తించిన ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990వ దశకంలో తమిళనాడులోని పిచ్చావరంలోను, ఆపై గోదావరి, కృష్ణా డెల్టాలలోను అటవీశాఖతో, గ్రామస్థులతో కలిసి పనిచేసింది. సహజమైన పాయ నుంచి ఏటవాలుగా ప్రధాన కాలువను, దానికి ఇరుప్రక్కలా పిల్లకాలువలను చేపముల్లు ఆకారంలో త్రవ్వించింది. ఆటుపోట్ల నీటి రాకపోకలతో నేలలోని లవణత తగ్గిన పిదప కాలువ గట్ల వాలులో తెల్లమడ, నల్లమడ వంటి మొక్కలు నాటారు.

కాలువలు త్రవ్వడంతో పని ముగియదు. పోటు నీటితో వచ్చే ఒండ్రు వాటిని క్రమంగా పూడ్చివేస్తుంది. సకాలంలో పూడిక తీయకపోతే నేల మరల ఉప్పుబారుతుంది. కనుకనే గ్రామ కమిటీల పాత్ర కీలకమైనది. ఏ పాయలో నీరు ఎంతవరకు ఎక్కుతుందో నిత్యం వేటకు వెళ్లే మత్స్యకారులకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. లేత మొక్కలున్న చోటికి పశువులను వెళ్లనీయరాదన్న కట్టుబాటు కూడా గ్రామం తనంతట తాను అంగీకరించినప్పుడే నిలుస్తుంది. దానికి బదులుగా మేతకు, వంటచెరకుకు ప్రత్యామ్నాయం చూపవలసి ఉంటుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు రెండు. నాటిన మొక్కల సంఖ్యను గాక, కొన్నేళ్ల తరువాత బ్రతికి ఉన్న మొక్కల సంఖ్యను ఫలితంగా లెక్కించాలి. పథకం ముగిసిన తరువాత పూడికతీతకు అయ్యే కూలిని ఎవరు భరించాలో ఆరంభంలోనే గ్రామంతో నిర్ణయించుకోవాలి. ఈ రెండూ లోపించిన చోట పునరుద్ధరణ నాట్ల సంబరంగానే మిగిలిపోతుంది.