అంకె పెరిగితే తీగ సన్నం!
విద్యుత్తు తీగల అమ్మకంలో రెండు లెక్కలు.. కొనేవారికి తికమక

కొమురవెల్లి: సంక్రాంతి తర్వాత వచ్చే తొలి ఆదివారం పట్నంవారంతో మొదలయ్యే మల్లన్న జాతర ఉగాదికి ముందు వచ్చే ఆదివారం వరకు సాగుతుంది. ఆ వారాలన్నింటా ఆలయ పరిసరాల్లో తాత్కాలిక దుకాణాలు వెలుస్తాయి. బండారు అమ్మినా, బొమ్మలు అమ్మినా, మిఠాయి అమ్మినా చీకటి పడితే దీపం కావాలి, దీపానికి తీగ కావాలి. ఆ తీగ కొనేటప్పుడు ధర, పొడవు అడిగినంతగా దాని మందం సంగతి అడగరు. నిజానికి ఆ తీగ ఎంత భారం మోయగలదో తెలిపే అంకెలు దాని తొడుగుమీదే అచ్చువేసి ఉంటాయి. చిక్కల్లా దుకాణంలో పలికే అంకె ఒకటి, తీగమీద ఉండే అంకె మరొకటి కావడమే.

గేజి వేరు.. చదరపు మిల్లీమీటరు వేరు

‘త్రీ ట్వంటీ’, ‘సెవెన్ ట్వంటీ’ అన్న మాటలు ఎలక్ట్రీషియన్ల నోట నేటికీ వినిపిస్తాయి. ఇది బ్రిటిష్ వారి గేజి లెక్క. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది ఒక్కో పోగు గేజి. 3/20 అంటే 20 గేజి పోగులు మూడు కలిపి పేనిన తీగ. ఈ లెక్కలో గేజి అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. 20 గేజి పోగు వ్యాసం 0.914 మిల్లీమీటర్లు కాగా, 22 గేజిది 0.711 మాత్రమే. ఇరవై కంటే ఇరవై రెండు పెద్దది కదా అని 3/22 తీసుకుంటే చేతికి వచ్చేది సన్న తీగే.

భారత ప్రమాణం ఐఎస్ 694 ప్రకారం తయారయ్యే పీవీసీ తీగల కొలత చదరపు మిల్లీమీటర్లలో ఉంటుంది. 1, 1.5, 2.5, 4 అన్నవి ఇళ్లలో సాధారణంగా వాడే పరిమాణాలు. ఇక్కడ అంకె పెరిగితే తీగ లావవుతుంది. పాత 3/20 దాదాపు 2 చదరపు మిల్లీమీటర్లకు, 7/20 సుమారు 4.6కు సమానం. 3/20 అడిగిన వారికి ఒకటిన్నర తీగ ఇస్తే లోహం నాలుగో వంతు తగ్గినట్లే. దాని బదులు రెండున్నర అడగడమే క్షేమం.

సన్న తీగ వాడితే జరిగేదేమిటి? ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ కిలోమీటరుకు దాదాపు 18 ఓముల నిరోధం చూపుతుంది. స్తంభం నుంచి వంద మీటర్ల దూరంలోని దుకాణానికి పోను, రాను కలిపి తీగ 200 మీటర్లు. నిరోధం 3.6 ఓములు. అందులో 10 ఆంపియర్లు ప్రవహిస్తే 36 ఓల్టులు దారిలోనే పోతాయి, 360 వాట్లు తీగలోనే వేడిగా మారతాయి. అదే రెండున్నర తీగ అయితే నష్టం 15 ఓల్టులకు తగ్గుతుంది. మిగిలిన తీగను చుట్టగానే వదిలేసి వాడటం మరీ ప్రమాదకరం. వేడి బయటికి పోయే దారిలేక తొడుగు మెత్తబడుతుంది.

తొడుగు రెండు రకాలు

లోహపు తీగను పాఠ్యపుస్తకాలు వాహకం అంటాయి, దానిని అంటిపెట్టుకున్న ఇన్సులేషన్‌ను బంధకం అంటాయి. కొందరు దీన్ని నిరోధకం అని రాస్తున్నారు. అది సరికాదు. నిరోధకం ప్రవాహాన్ని తగ్గిస్తుందే గాని ఆపదు. కేబుల్‌లో ఒక్కో కోరుకు విడిగా ఉండేది బంధకం. అన్నింటినీ కలిపి కప్పేది పైతొడుగు. పైతొడుగు పని రాపిడి నుంచి, తేమ నుంచి కాపాడటం. పైతొడుగు లేని ఒంటి తీగను జనం నడిచే దారిలో నేలమీద పరచడం అందుకే తగదు. తీగమీద ‘1100 ఓల్టులు’ అని ఉంటే అది బంధకం తట్టుకోగల ఒత్తిడే, తీగ మోయగల భారం కాదు. సాధారణ పీవీసీ 70 డిగ్రీల సెల్సియస్ వరకు, కేబుళ్లలో వాడే ఎక్స్‌ఎల్‌పీఈ 90 డిగ్రీల వరకు వేడిని తట్టుకుంటాయి.

ఊరి మీదుగా వెళ్లే 11 కేవీ లైన్లకు చాలాచోట్ల అసలు తొడుగే ఉండదు. స్తంభంమీది పింగాణీ ఇన్సులేటర్లు, చుట్టూ ఉన్న గాలి, ఇవే అక్కడ బంధకాలు. ఇనుప గొట్టమో, తడిసిన జెండా కర్రో లైనును తాకనక్కర లేదు, మరీ దగ్గరికి వెళ్లినా చాలు.

జాయింటు వద్దే ముప్పు

తీగ మంచిదైనా అతుకు వదులైతే ఫలితం ఉండదు. వదులు అతుకు వేడెక్కుతుంది, వేడికి మరింత వదులవుతుంది. అల్యూమినియం సర్వీసు వైరుకు రాగి తీగను నేరుగా మెలిపెట్టి చుట్టడం పల్లెల్లో సర్వసాధారణం. ఈ రెండు లోహాలు తేమ తగిలితే ఒకదాన్నొకటి తినేస్తాయి. నష్టపోయేది అల్యూమినియం. ఇలాంటి చోట రెండు లోహాలకూ సరిపడే బైమెటాలిక్ లగ్గు గాని, కనెక్టరు గాని వాడాలి.

బోరుబావిలోకి దించే సబ్‌మెర్సిబుల్ మోటారు కేబుల్ సంగతి మరీ సున్నితం. మూడు కోర్లు పక్కపక్కన ఉండే ఈ బల్లపరుపు కేబుల్‌కు నీటిలో అతుకు పడితే మామూలు నల్ల టేపు చుట్టి సరిపెట్టరాదు. మూడు కోర్ల అతుకులు ఒకేచోట రాకుండా ఎగుడుదిగుడుగా కత్తిరించాలి. ఒక్కోదానికి తనలో తానే అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, ఆపై పీవీసీ టేపు వేయాలి. లేకుంటే నీరు లోపలికి దిగి మోటారు కాలిపోతుంది. మోటారును పైకి తీయించే ఖర్చు ముందు టేపు ఖర్చు ఏపాటిది?

రంగుల లెక్క కూడా ఉంది. ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులు. నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తింగ్. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను పొడవుగా ఉండటానికి కారణం, ప్లగ్గు పెట్టేటప్పుడు అది ముందుగా తగలాలి, తీసేటప్పుడు చివరగా విడిపోవాలి. ఆ పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్లో దూర్చే అలవాటు ఆ రక్షణను చేజేతులా పోగొట్టుకోవడమే. ఎంసీబీ ఉంది కదా అన్న ధీమా కూడా చెల్లదు. అది అధిక భారానికి, షార్ట్ సర్క్యూట్‌కు పడిపోతుంది. మనిషికి షాక్ తగిలితే సరఫరా ఆపేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ.

స్తంభంపై కొండీలు తగిలించుకోవడం నేరం. తాత్కాలిక కనెక్షన్‌కు విద్యుత్తు కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. తెగిన తీగలు, వేలాడే లైన్లు కనిపిస్తే 1912 నంబరుకు ఫోన్ చేయాలి.