ఈసీజీ బాగుంటే బృహద్ధమని బాగున్నట్టేనా?

‘మాది మేనరికం కాదు, మా పిల్లలకు వంశపారంపర్య జబ్బులు రావు.’

తలసీమియా లాంటి వాటిలో మేనరికం గురించి భయపడటం సబబే. అక్కడ లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా రావాలి. గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని బృహద్ధమని. దాన్ని బలహీనపరిచి, ఉబ్బి చీలేలా చేసే వంశపారంపర్య జబ్బుల్లో చాలావాటికి ఒక్కరి నుంచి వస్తే చాలు. అలాంటి జబ్బుల్లో ఒకటైన మార్ఫాన్ సిండ్రోమ్ తండ్రికి ఉంటే, సంబంధం ఎంత దూరానిదైనా, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. మార్ఫాన్ ఉన్న నలుగురిలో ఒకరికైతే అమ్మానాన్నలిద్దరికీ ఏమీ ఉండదు. జన్యువులో మార్పు ఆ బిడ్డతోనే మొదలవుతుంది.

‘ఆటల్లో ఆరితేరిన మనిషికి గుండె జబ్బేమిటి?’

అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1984 ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిన జట్టులో ఉంది. 1986 జనవరిలో జపాన్‌లో మ్యాచ్ జరుగుతుండగా కుప్పకూలి చనిపోయింది. వయసు 31. ముందు గుండెపోటే అనుకున్నారు. శవపరీక్షలో బృహద్ధమని చీలినట్టు, ఆమెకు మార్ఫాన్ ఉన్నట్టు బయటపడింది. ఆ తర్వాత ఆమె సోదరుణ్ని పరీక్షిస్తే అతనికీ అదే జబ్బు, ఆపరేషన్ చేశారు. మన ఇళ్లలో ‘చిన్న వయసులోనే గుండెపోటుతో పోయాడు’ అని చెప్పుకునే బాబాయిల్లో, మేనమామల్లో ఇలాంటివారు ఎందరున్నారో! ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఒకరికి జబ్బు తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు అందరూ పరీక్ష చేయించుకోవాలి.

బృహద్ధమని జబ్బు పొడుగ్గా, సన్నగా, పొడవాటి వేళ్లతో ఉన్నవాళ్లకే వస్తుందనుకోవడమూ పొరపాటే. కొన్ని కుటుంబాల్లో పైకి ఏ గుర్తూ కనిపించదు.

‘ఈసీజీ తీశారు, అంతా నార్మల్.’

ఈసీజీలో తెలిసేది గుండెలో విద్యుత్తు నడక. ధమని ఎంత ఉబ్బిందో అందులో కనపడదు. ఎకోతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ తీస్తారు. ఛాతీలోనో వీపులోనో కోసేస్తున్నట్టు ఉన్నట్టుండి నొప్పి వస్తే, ‘మా ఇంట్లో ఈ జబ్బు ఉంది’ అన్న మాట క్యాజువాలిటీలో మొదటే చెప్పాలి. చీలికను గుండెపోటనుకుని రక్తం గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణానికే ముప్పు.

‘నొప్పే లేదు, ఆపరేషన్ ఎందుకు?’

ఉబ్బు నొప్పి లేకుండానే పెరుగుతుంది. మార్ఫాన్‌లో సాధారణంగా ధమని వ్యాసం 5 సెంటీమీటర్లకు చేరగానే ఆపరేషన్ చేస్తారు; ఇంట్లో ఎవరికైనా చీలి ఉంటే, లేదా వేగంగా పెరుగుతుంటే, ఇంకా ముందే. చీలాక హడావుడిగా చేసేదానికంటే ఇది చాలా సురక్షితం. అందాకా బీటా బ్లాకర్, లోసార్టాన్ లాంటి మందులు ఉబ్బు వేగాన్ని తగ్గిస్తాయి. బీపీ లేదు కదా అని సొంతంగా మానేయకూడదు. నడక మంచిదే, బరువులెత్తడం వద్దు. గర్భం దాల్చాలనుకునే స్త్రీ ముందే ధమని కొలత చూపించుకోవాలి. కాన్పు ముందూ వెనకా చీలే ప్రమాదం పెరుగుతుంది.

ఇక యాంటీబయాటిక్ అంటే ఏదైనా ఒకటే అనుకునేవాళ్లకు: సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ రకం మందులు ఇలాంటి రోగుల్లో ధమని చీలే ముప్పును పెంచవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. వేరే దారి ఉంటే వాటిని వాడొద్దంది. మన దగ్గర విరేచనాలకు మందుల షాపులో అడగ్గానే చేతిలో పెట్టేది చాలాసార్లు ఆ రకమే.