ఆకు మందే కదా అనుకున్నాం

మా అత్తగారికి డెబ్భై మూడేళ్ళు. నాయుడుపేటలో మా చుట్టుపక్కల నాలుగు వీధుల వాళ్ళ పెళ్ళిళ్ళు, పురుళ్ళు తేదీలతో సహా చెప్పేవారు. అలాంటి మనిషి పోయినేడు పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం మొదలెట్టారు. తాళంచెవులు బియ్యం డబ్బాలో దొరికేవి. ఒకనాడు తానే రెండుసార్లు ఉప్పు వేసిన పులుసు నోట్లో పెట్టుకుని, "ఎవరమ్మా చేసింది?" అని నన్నే అడిగారు.

ఈ సంగతులు ఫోన్లో విన్న మా ఆడపడుచు న్యూజెర్సీ నుంచి వస్తూ గింకో బిళ్ళల సీసాలు రెండు తెచ్చింది. "అక్కడ చాలామంది వేసుకుంటారు వదినా, మందు కాదు, చెట్టు ఆకే" అంది. ఆకంటే మనకు భయమేముంది? వరిమళ్ళ గట్ల మీద తేమలో పాకే సరస్వతి ఆకు కోసుకొచ్చి పచ్చడి నూరిన చేతులే కదా ఇవి! మా చిన్నప్పుడు పరీక్షలొస్తే సరస్వతీ లేహ్యం నాకించేవాళ్ళు. గింకో కూడా అలాంటిదే అనుకుని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి నేనే ఇచ్చేదాన్ని.

రెండు నెలలకు ఆవిడ కదులుతున్న దవడపన్ను పీకించుకున్నారు. మధ్యాహ్నం పీకిన పన్ను, రాత్రి పదింటికీ రక్తం ఆగలేదు. ఎన్నిసార్లు దూది మార్చినా ఎరుపే. చేతుల మీద అక్కడక్కడా కమిలిన మచ్చలు కూడా అప్పుడే నా కంటబడ్డాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళి కుట్లు వేయిస్తే గానీ తగ్గలేదు. ఏ మందులు వాడుతున్నారని డాక్టరమ్మ అడిగితే చీటీ చూపించాను. షుగరు బిళ్ళ, బీపీ బిళ్ళ, నాలుగేళ్ళ కిందట చెన్నైలో గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి ఆస్పిరిన్. "ఇంకేమన్నా?" అన్నారావిడ. "లేవండి" అన్నాను. నోట్లో దూదితోనే అత్తగారు, "పాప తెచ్చిన ఆకు బిళ్ళ ఉండాది గదమ్మా" అన్నారు.

మతిమరుపు మనిషి చెప్పారు, నేను చెప్పలేదు! దాచాలని కాదు. అది మందుల లెక్కలోకి వస్తుందని తోచనే లేదు.

ఆస్పిరిన్ రక్తాన్ని తొందరగా గడ్డకట్టనివ్వదు, గింకో దానికి తోడు కావచ్చు, అన్నారు డాక్టరమ్మ. గింకో వల్లే ఇలా అయిందని ఖాయంగా చెప్పలేనని, ఒక్క ఆస్పిరిన్ తోనూ కావచ్చని కూడా అన్నారు. "ఇదయితే ఆపండి. భయపడి ఆస్పిరిన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి, స్టెంట్ ఉంది" అని మరీ మరీ చెప్పారు.

ఇంటికొచ్చాక చదవడం మొదలెట్టాను. విసనకర్ర లాంటి ఆకుల గింకో చైనా చెట్టు. రాక్షసబల్లుల కాలం నాటి జాతి. 1945లో హిరోషిమాలో బాంబు పడ్డ చోటికి దగ్గర్లోనే కొన్ని గింకో చెట్లు కాలిపోయి కూడా మళ్ళీ చిగిర్చాయట. చెట్టు గట్టిదే, సందేహం లేదు! కానీ జ్ఞాపకశక్తి మాటేమిటి? అమెరికాలో 75 ఏళ్ళు దాటిన 3,069 మందిని తీసుకుని, సగం మందికి రోజూ రెండుపూటలా 120 మిల్లీగ్రాముల గింకో, మిగతావారికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి ఆరేళ్ళపాటు గమనించారు. 2008లో ఫలితం చెప్పారు. మతిమరుపు జబ్బు రాకుండా గింకో ఆపలేదు. 2012లో ఫ్రాన్సు వాళ్ళ పరిశోధనా అదే తేల్చింది. జబ్బు వచ్చినవాళ్ళకు కొంత మేలు చేస్తుందని కొన్ని పరిశోధనలు, చేయదని కొన్ని. ఆస్పిరిన్ వేసుకుంటూ గింకో మొదలెట్టిన డెబ్భై ఏళ్ళాయనకు వారంలోనే కంట్లో రక్తస్రావమైన కేసు 1997లోనే వైద్య పత్రికలో వచ్చింది. వార్ఫరిన్ వాడేవాళ్ళు, ఫిట్స్ ఉన్నవాళ్ళు దీని జోలికి పోకూడదు. ఆపరేషనుంటే ముందే డాక్టరుకు చెప్పి ఆపాలి. గింజలైతే మరీ విషం, ఎక్కువ తింటే పిల్లలకు ఫిట్స్ వస్తాయి.

ఇంకో సంగతి. 1994 నాటి చట్టం ప్రకారం అమెరికాలో ఇవి మందులు కావు, ఆహారంలో చేర్చుకునేవి. పనిచేస్తాయని ముందుగా రుజువు చూపకుండానే అమ్ముకోవచ్చు. "అమెరికా సరుకు" అని మనం కళ్ళకద్దుకుంటాం గానీ!

పోనీ మన సరస్వతి ఆకు? పచ్చడికి నేనేమీ వంక పెట్టను. బిళ్ళల రూపంలో వారాల తరబడి వాడిన కొందరికి లివర్ దెబ్బతిన్నట్టు 2005లో వెలువడింది. పైగా "బ్రాహ్మి" పేరుతో ఒకచోట ఒక మొక్క, ఇంకోచోట ఇంకోటి అమ్ముతారు.

అసలు మరుపెందుకొచ్చిందో ఎవరూ చూడలేదని డాక్టరమ్మ రక్తపరీక్షలు రాశారు. బి12 బాగా తక్కువ. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే అలా తగ్గవచ్చట. ఇంజెక్షన్లు పడ్డాక కాస్త తేరుకున్నారు. పాలు ఇంకా అప్పుడప్పుడు పొంగుతూనే ఉన్నాయి.

ఆడపడుచుకు చెబితే నొచ్చుకుంది. "ప్రేమగా తెచ్చాను వదినా" అంది. నిజమే, ప్రేమగానే తెచ్చింది, నేనూ ప్రేమగానే ఇచ్చాను. బిళ్ళలు పారబోసి ఆ సీసాలో అత్తగారు లవంగాలు పోసుకున్నారు. సీసా మాత్రం భలే గట్టిదంటారు.